రెండో ‘ఎల్’ సంగతి

ఎల్.ఎల్.బి.లో రెండు ‘ఎల్’లు ఎందుకున్నాయో తేల్చడానికి ఇంతవరకు ఏ ప్రభుత్వమూ విచారణ సంఘం వేయకపోవడం మిక్కిలి శోచనీయం. నల్లకోటు వేసుకున్నవారిలో సైతం కొందరు దీన్ని ‘బ్యాచిలర్ ఆఫ్ లెజిస్లేటివ్ లా’ అని నిబ్బరంగా విప్పి చెబుతారు. నిజానికి అది ‘లెగుమ్ బకలారియస్’ అన్న లాటిన్ మాటకు పొట్టిరూపం. ‘లెగుమ్’ అంటే చట్టాల యొక్క అని అర్థం. బహువచనాన్ని కుదించి రాయవలసి వస్తే లాటిన్‌వారు మొదటి అక్షరాన్ని రెండుసార్లు వేసేవారు. ఇంటింటా, ఊరూరా అనుకునే జాతికి ఇది ఇట్టే అర్థం కావలసిన కిటుకు. మద్రాసు విశ్వవిద్యాలయం మాత్రం పొదుపు పాటించి బి.ఎల్. అనే ఇచ్చింది, ఆ ఒంటి ‘ఎల్’తోనే మన తాతల కాలపు ప్లీడర్లు మేడలు కట్టారు.

ఇక ‘బ్యాచిలర్’ విషయానికి వస్తే, మూడేళ్ల కోర్సులో చేరాలంటే ముందే ఒక డిగ్రీ ఉండాలి కనుక, లాసెట్ రాసి సీటు తెచ్చుకున్న ఇద్దరు బిడ్డల తండ్రి చట్టసమ్మతంగా రెండోసారి బ్యాచిలర్ అవుతాడు. ఈ అవమానం భరించలేకనే కాబోలు, అమెరికాలోని లా కాలేజీలు 1960ల నుంచి అదే చదువుకు ‘జూరిస్ డాక్టర్’ అని పేరు మార్చి, పాత పట్టభద్రులను కూడా డాక్టర్లను చేశాయి. మనం మరింత ఉదారంగా, 1988లో బెంగళూరు నేషనల్ లా స్కూల్ తొలి తరగతులతో ఊపందుకున్న అయిదేళ్ల కోర్సులో, బి.ఏ.నూ ఎల్.ఎల్.బి.నీ కలిపి ఒకే విద్యార్థిని ఏకకాలంలో రెండుసార్లు బ్యాచిలర్‌ను చేస్తున్నాం. అందులో బి.ఏ. ఎక్కడ ముగిసి ఎల్.ఎల్.బి. ఎక్కడ మొదలైందో చదివినవాణ్ణి అడగకపోవడమే మర్యాద. ఇన్ని అక్షరాలు మూటగట్టుకున్నా, బార్ కౌన్సిల్‌లో నమోదై అఖిల భారత బార్ పరీక్ష గట్టెక్కకపోతే వకాలతు నిలవదు.

మొన్న మా వీధిలో ఒక కొత్త వకీలు ఇంటి ముందు పెయింటరు బోర్డు రాస్తూ, ‘బి.ఏ., ఎల్.’ దాకా వచ్చి కుంచె ఆపాడు. చేతిలోని చీటీని వెలుగుకు పట్టి రెండుసార్లు చూసుకుని, అరుగు మీద కూర్చున్న వకీలు తండ్రిని అడిగాడు:

“ఎల్ రెండుసార్లు పడింది బాబుగారూ, ఒకటి కొట్టేయమంటారా?”

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, “ఉండనీవయ్యా, ఫీజు రెండింటికీ కట్టాం” అన్నారు.