జనవరిలో మాత్రమే దర్శనమిచ్చే రహదారి భద్రతా మాసోత్సవం గారికి

మహారాజశ్రీ జాతీయ రహదారి భద్రతా మాసోత్సవం గారి సముఖమునకు, నల్లగొండ జిల్లాలో 65వ నంబరు జాతీయ రహదారిని ఆనుకొని ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో భౌతిక శాస్త్రం చెప్పుకొని బతికే ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. అంటే, ఈ ఉత్తరం రాస్తున్న పూట వరకు క్షేమం. తమరు కూడా ఏదో ఒక బీరువా పైన, చుట్టిపెట్టిన ఫ్లెక్సీల నడుమ, వచ్చే జనవరి దాకా సుఖంగా విశ్రమిస్తూ ఉంటారని తలుస్తాను.

పూర్వం తమరు వారం రోజుల చుట్టంగా వచ్చి వెళ్ళేవారు. 2021లో మొదటిసారి నెల రోజులు ఉంటామని కబురు పెట్టినప్పుడు మా పాఠశాలలో అందరం సంతోషించాము. అయితే ఆ తరువాత తమరు స్థిరపడిన నెల జనవరి. ఆ నెల నడుమ సంక్రాంతి సెలవులు వస్తాయి. హైదరాబాదు సగం ఖాళీ అయి ఆంధ్ర వైపు బయలుదేరి, పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరి, అక్కడ పోగొట్టుకున్న సమయాన్ని చిట్యాల దాటాక మా ఊళ్ళ మీదుగా వడ్డీతో సహా రాబట్టుకునే ఆ నాలుగు రోజులూ బడికి తాళం ఉంటుంది. సెలవుల తరువాత గణతంత్ర దినోత్సవం రిహార్సళ్ళు మొదలవుతాయి, పదో తరగతికి పరీక్షల హడావిడి ఉండనే ఉంటుంది. కాబట్టి తమరి ముప్పై ఒక్క రోజుల్లో మా బడి వాటాకు వచ్చేది ఒక్క రోజు, అందులోనూ ఒక్క పూట.

ఆ పూట వైభవాన్ని మాత్రం తక్కువ చేసి చెప్పలేను. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలందరూ అట్టముక్కలు పట్టుకొని వరుసలో నిలబడతారు, పీఈటీ సార్ విజిల్ వేస్తారు, పోలీసులు రెండు వైపులా తాళ్ళు పట్టి లారీలనూ కార్లనూ బస్సులనూ ఆపుతారు, పిల్లలు నినాదాలు చేస్తూ రోడ్డు దాటి, ఊళ్ళో ఒక చుట్టు తిరిగి, మళ్ళీ రోడ్డు దాటి బడికి చేరుకుంటారు. ఏడాది మొత్తం మీద మా పిల్లలు ఆ రోడ్డును భయం లేకుండా దాటేది తమరి ర్యాలీ రోజున మాత్రమేనని, ఇందుకు మేము తమరికి ఎంతో రుణపడి ఉన్నామని మనవి. మరునాడు ఉదయం అదే పిల్లలు అదే చోట దాటుతారు. అప్పుడు తాళ్ళు ఉండవు.

ర్యాలీ ముగిశాక ప్రతిజ్ఞ ఉంటుంది. మద్యం సేవించి వాహనం నడపబోమని, ఫోనులో మాట్లాడుతూ నడపబోమని, పరిమితికి మించిన వేగంతో వెళ్ళబోమని పదకొండేళ్ళ పిల్లలు కుడి చేయి చాచి తమరి ముందు ప్రమాణం చేస్తారు. వాళ్ళలో చాలామందికి సొంత సైకిలు కూడా లేదు. ఆ ప్రమాణం అసలు ఎవరు చేయాలో, వాళ్ళు సరిగ్గా అదే సమయానికి రోడ్డుకు అవతల చాయ్ హోటలు ముందు బండ్ల మీద కూర్చొని, తమ పిల్లల క్రమశిక్షణకు మురిసిపోతూ ఫోనులో వీడియో తీస్తూ ఉంటారు.

ఇక ఆ రోడ్డు సంగతి. మా స్టేజీ, అంటే బస్సు ఆగే చోటు, దగ్గర నాలుగు వరుసల దారి, నడుమ డివైడరు, డివైడరు మీద గన్నేరు చెట్లు ఉన్నాయి. ఎదురుగా వచ్చే బండి లైటు కంట్లో పడకుండా నాటిన చెట్లవి, వాటి మేలును కాదనను. కానీ అవి ఆరో తరగతి పిల్ల కంటే ఎత్తు పెరిగాయి. డివైడరుకు పడిన సందులో నుంచి అడుగు బయట పెట్టేదాకా ఆ పిల్ల కారు నడిపేవాడికి కనబడదు, ఆమెకు కారు కనబడదు. ఆ సందు నక్షాలో లేదు, ఎవరు కొట్టారో ఊళ్ళో అడిగితే అందరూ ఆకాశం వైపు చూస్తారు. అయినా నక్షాలో ఉన్న దారి గుండా తిరిగి రావాలంటే మొదటి గంట దాటిపోతుంది కాబట్టి బడి మొత్తం ఆ సందు గుండానే నడుస్తుంది.

తొమ్మిదో తరగతిలో చలనం పాఠం చెప్పేటప్పుడు నేను ఈ రోడ్డునే లెక్కగా ఇస్తాను, తమరు కూడా ఒకసారి కట్టి చూడండి. ఒక వైపు దారి వెడల్పు ఏడు మీటర్లు. సంచి మోసుకొని నడిచే పిల్ల సెకనుకు 1.2 మీటర్లు నడుస్తుందనుకుంటే దాటడానికి దాదాపు ఆరు సెకన్లు పడుతుంది. ఇటువంటి దారి మీద కారుకు అనుమతించిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు, అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ఆ ఆరు సెకన్లలో కారు 160 మీటర్లకు పైగా వచ్చేస్తుంది. నడిపేవాడు పిల్లను చూసి, ఒక్క సెకనులో తేరుకొని, గట్టిగా బ్రేకు తొక్కినా, పొడి రోడ్డు మీద ఆ బండి ఆగడానికి 90 మీటర్ల దాకా కావాలి; అదే 30 కిలోమీటర్ల వేగంతో వస్తే 14 మీటర్లు చాలు. ఈ లెక్క మా పిల్లలు తప్పు లేకుండా చేస్తారు. తమరు మాత్రం వాళ్ళకు ప్రతి ఏడూ 'రోడ్డు భద్రత – విద్యార్థుల బాధ్యత' అనే అంశం మీద వ్యాసరచన పోటీ పెట్టి, ప్రథమ బహుమతిగా టిఫిను డబ్బా ఇచ్చి వెళుతున్నారు.

పెద్దల గురించి నాలుగు మాటలు చెప్పకపోతే అది పక్షపాతమవుతుంది. ఉదయం మా గేటు దగ్గర ఆగే ఎక్సెల్ మోపెడు మీద ముందు ఒకరు, వెనుక ఇద్దరు పిల్లలు ఉంటారు. హెల్మెటు మాత్రం తండ్రి మోచేతికి వేలాడుతుంది. చెకింగు ఉందని ఎదురుగా వచ్చేవారు లైటు కొట్టి చెబితే అది తల మీదికి ఎక్కుతుంది, పోలీసులు కనుమరుగు కాగానే మళ్ళీ మోచేతికి దిగుతుంది. నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెటు ఉండాలని మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను చెబుతుందని అంటే, 'ఊళ్ళెనే కద సార్' అని జవాబు వస్తుంది. ఊరి నడుమ నుంచి జాతీయ రహదారి పోతున్న సంగతి నేనే మరిచిపోయానేమో అనుకొని ఊరుకుంటాను.

పదో తరగతి వీరులు కొందరు తండ్రుల బండ్ల మీద వస్తారు. బడిలోకి బండ్లు రానివ్వము కనుక అవి జిరాక్సు దుకాణం వెనుక సందులో నిలబడతాయి. పదహారేళ్ళు నిండితే గేర్లు లేని 50 సీసీ లోపు బండికి మాత్రమే లైసెన్సు ఇస్తారు. ఆ సందులో అటువంటి బండి ఒక్కటీ లేదు. మైనరుకు బండి ఇచ్చి నేరం జరిగితే తండ్రికో బండి యజమానికో మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాది పాటు రిజిస్ట్రేషను రద్దు, ఆ అబ్బాయికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు లేకపోవడం వంటివన్నీ 2019 సవరణలో 199ఏ సెక్షనుగా చేరాయి. ఈ సెక్షను గురించి తమరి సభలో పిల్లలకు ఎంతో వివరంగా చెప్పారు. పిల్లలు ఇంటికి పోయి తండ్రులను అరెస్టు చేస్తారని తమరి ఆలోచన కాబోలు.

కేంద్ర రవాణా శాఖ అచ్చు వేసిన 2022 నివేదిక ప్రకారం ఆ ఏడాది దేశంలో రోడ్ల మీద చనిపోయినవారు 1,68,491 మంది. హెల్మెటు లేక చనిపోయినవారు 50,029 మంది. పద్దెనిమిదేళ్ళ లోపు వారు 9,528 మంది. మూడు వందల మంది చదువుకునే మా బడి వంటివి ముప్పై ఒక్క బడులు హాజరు పట్టీతో సహా ఖాళీ అయ్యాయన్నమాట. ఈ అంకెలు తమరి ఫ్లెక్సీ మీద ఎప్పుడూ కనబడలేదు, దాని మీద అతిథుల ఫొటోలకే చోటు చాలలేదు. ఆ ఫ్లెక్సీ వృథా పోలేదని మాత్రం సంతోషంగా తెలియజేస్తున్నాను: వానాకాలం పంట కోతలప్పుడు దాన్నే పరిచి ఊరి లింకు రోడ్డు మీద వడ్లు ఆరబోశారు, ఎగిరిపోకుండా చుట్టూ రాళ్ళు పెట్టారు. వడ్లు ఎత్తుకొని పోయారు, రాళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి. ప్రత్యేక తరగతులు ముగించుకొని చలికాలపు చీకట్లో తండాలకు సైకిళ్ళ మీద వెళ్ళే పిల్లలు ఆ రాళ్ళను, వెనుక లైటు లేకుండా రోడ్డు అంచున ఆగిన పత్తి లారీలను దాటుకుంటూ ఇల్లు చేరుతున్నారు.

కాబట్టి తమరికి నా విన్నపం ఏమనగా, వచ్చే ఏడు నుంచి జనవరి మానుకొని, బడులు తెరిచే జూన్ 12వ తేదీకి దయచేయండి. శాలువాలు, మైకు, అట్టముక్కలు అక్కరలేదు. తెల్ల పెయింటు డబ్బాలు, గన్నేరు కొమ్మలు కొట్టడానికి ఒక కత్తి, స్టేజీ దగ్గర పెట్టడానికి ఒక పసుపు మెరుపు దీపం తీసుకొని రండి. జాతీయ రహదారి మీద స్పీడు బ్రేకరు కుదరదని తమరు అంటారని తెలుసు; బండిని గడగడలాడించే సన్నని పట్టీలు వేయవచ్చని మాకూ తెలుసు. బస్సు ఆగే చోటును బడి వైపుకు మారిస్తే సగం మంది పిల్లలకు దాటే పనే తప్పుతుంది. ప్రతిజ్ఞ తప్పక ఉండాలంటే తల్లులు సభ్యులుగా ఉండే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ సమావేశం రోజున పెట్టండి, తండ్రులను కూడా పిలిపించి ఎక్సెల్ తాళాలు చేతిలో పట్టుకొనే చేయిస్తాము.

అంతకు ముందు ఒక పని చేయవలసిందిగా ప్రార్థన. ఏదో ఒక మామూలు పనిదినాన, సాయంత్రం బడి విడిచే వేళకు, పోలీసులకు చెప్పకుండా, పుస్తకాల సంచి ఒకటి భుజానికి తగిలించుకొని వచ్చి, మా డివైడరు సందులో నుంచి ఒక్కసారి అవతలికి దాటండి. దాటిన తరువాత కార్యక్రమ వివరాలు అక్కడే కూర్చొని మాట్లాడుకుందాము, చాయ్ ఖర్చు నాది.

ఇట్లు,
తమరి విధేయుడు,
భౌతిక శాస్త్రం సారు,
నకిరేకల్‌కు ఇవతలి ఊరు, నల్లగొండ జిల్లా.