ఎలుకకున్న కమిటీ నాకేదీ?

చిన్నప్పుడు సైకిల్ మీంచి పడి మోకాళ్ళు చెక్కుకుపోతే, మా నాయనమ్మ దొడ్డిగోడ పక్కన నాలుగు గడ్డి చామంతి ఆకులు తుంచేది. అరచేతుల మధ్య నలిపి, ఆ పచ్చటి రసం తిన్నగా గాయంలోకి పిండేది. నా కేక వీధి చివర కిరాణా కొట్టు దాకా వినిపించేది. "మండుతోందంటే పనిచేస్తోందన్నమాట, ఊరుకో" అనేది ఆవిడ.

ఇప్పుడు శాస్త్రీయంగా ఆలోచిస్తే అందులో ఎన్ని లోపాలో! ప్రయోగానికి దొరికింది ఒకే ఒక్క మనవడు. ఒక మోకాలికి ఆకు రసం పోసి రెండోదాన్ని పోలిక కోసం వదిలేయొచ్చుగా? రెండింటికీ పోసేసింది. ఎథిక్స్ కమిటీ అనుమతి మాట దేవుడెరుగు, మా అమ్మ అనుమతి కూడా లేదు.

ఆ లోటు మన ఫార్మసీ కాలేజీలు తీర్చాయి. అక్కడుండేది విస్టార్ జాతి తెల్ల ఎలుక. దాని ఒంటి మీద చెయ్యి వేయాలంటే కమిటీ సంతకం కావాలి. మత్తిచ్చి, వీపు మీద బొచ్చు గొరిగి, గుండ్రంగా చర్మం తీస్తారు. ఆరేసి ఎలుకల్ని ఓ గుంపుగా చేసి, ఒక గుంపుకి మందు కలపని ఉత్త ఆయింట్‌మెంట్, ఇంకోదానికి గాయాలకి మామూలుగా రాసే పోవిడోన్ అయోడిన్ మందు, మరోదానికి ఇథనాల్ అనే ఆల్కహాల్‌లో నానబెట్టి తీసిన మన ఆకు సారం. నాలుగు రోజులకోసారి పుండు మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పెట్టి అంచు గీసి, గ్రాఫ్ పేపర్ మీద గళ్ళు లెక్కపెడతారు. నా మోకాలి గళ్ళు ఎవరు లెక్కపెట్టారు?

ఫలితం: ఆకు పనిచేసింది. మరుసటి ఏడు జూనియర్లు ఇథనాల్ మానేసి మెథనాల్ అనే ఇంకో ఆల్కహాల్‌లో సారం తీశారు, అప్పుడూ పనిచేసింది. ఆ పై ఏడు నీళ్ళలో తీస్తారు, భయమేం లేదు. మరి మనుషుల మీద ఎప్పుడు బాబూ అంటే, "ఫ్యూచర్ స్కోప్‌లో రాశాం సార్" అంటారు, అంటే రిపోర్టు చివర 'ఇకపై చేయాల్సినవి' అనే పేజీలో.

చిన్న పేచీ ఉంది. ఎలుక చర్మం కింద ఓ పల్చటి కండరం పొర ఉంటుంది. సంచీ మూతి తాడు లాగినట్టు అది గాయాన్ని దగ్గరికి లాగేస్తుంది. మనకా సదుపాయం దాదాపు లేదు. అడుగునుంచి కండ పూడి, పైన కొత్త చర్మం పాకాల్సిందే. ఏ మందూ రాయని ఎలుకకీ గాయం మానిపోతుంది, కాకపోతే కొన్ని రోజులు వెనకాముందూ. ఈ ముక్క ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెడితే మా బాబాయి నన్ను దేశద్రోహి అన్నాడు. "వేల ఏళ్ళ నాటి మన పూర్వీకుల విద్యరా!"

పూర్వీకులంటే గుర్తొచ్చింది. ఈ మొక్క సొంతూరు మధ్య అమెరికా. మన గట్ల మీదకి వలసొచ్చి, ఆధార్ కార్డు లేకుండానే స్థిరపడిపోయింది. 1995లో పసుపుతో గాయం మాన్పడం మీద అమెరికా పేటెంటిస్తే, మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు ముందు పెట్టి 1997లో రద్దు చేయించింది. సంతోషమే. రేపు మెక్సికో నాయనమ్మలు గడ్డి చామంతి కోసం అలాగే కేసేస్తే? మా నాయనమ్మ తరఫున సాక్ష్యానికి నా మోకాళ్ళున్నాయి. మచ్చలు మాత్రం ఇంకా పోలేదు, ప్యాంటు వేసుకునే కోర్టుకెళ్తాను.