వేరే స్టేట్ కట్ చేసుకున్న ట్యాక్స్ తిరిగి రాదా? వస్తుంది

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ట్యాక్స్ సీజన్ మొదలవగానే ఒక మెసేజ్ తిరుగుతుంది. దాని సారాంశం: "ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు నాన్ రెసిడెంట్లు. పని చేయని స్టేట్ పేరు మీద జీతంలో ట్యాక్స్ కట్ అయితే అది పోయినట్టే. కంపెనీ ఇస్తే ఇచ్చినట్టు, లేదంటే మీరుండే స్టేట్‌లో క్రెడిట్ (ట్యాక్స్‌లో తగ్గింపు) తీసుకోండి. రిఫండ్ అడిగితే రేపు హెచ్-1బీకి (ఉద్యోగ వీసాకు) ఇబ్బంది. రిటర్న్ గడువు ఏప్రిల్ 15 దాటితే ఇక మర్చిపోండి."

ఇది నమ్మి నాకు తెలిసిన ఒక అబ్బాయి రెండేళ్లు ఊరుకున్నాడు. డాలస్ దగ్గర ఎమ్మెస్ చేస్తూ వేసవిలో సీపీటీ (చదువుతుండగానే పని చేయడానికి ఇచ్చే అనుమతి) మీద ఇంటర్న్‌షిప్ చేశాడు. కంపెనీ ఆఫీసు చికాగోలో. కంపెనీవాళ్లు ల్యాప్‌టాప్ ఇంటికే పంపారు, పన్నెండు వారాలూ తన గదిలోనే కూర్చుని పని చేశాడు. జనవరిలో వచ్చిన డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కట్ అయిన ట్యాక్స్ చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం) నా ముందు పెట్టాడు. అడుగున 15వ గడిలో ఇల్లినాయ్ స్టేట్ పేరు, 16వ గడిలో 12,000 డాలర్ల జీతం, 17వ గడిలో 594 డాలర్లు. ఇల్లినాయ్ రేటు 4.95 శాతం, లెక్క సరిగ్గా అంతే. కానీ అతను ఉన్నది, పని చేసింది టెక్సస్‌లో. అక్కడ జీతం మీద స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్సే లేదు. అంటే ఆ 594 డాలర్లూ మొత్తం అతనివే. ముగ్గురు కలిసి ఉంటున్న ఫ్లాట్‌లో అతని నెల అద్దె వాటా కంటే ఎక్కువ.

ఇప్పుడు మెసేజ్‌లో ఒక్కో మాట చూద్దాం.

"నాన్ రెసిడెంట్లకు రాదు." ఇక్కడే అసలు గందరగోళం. నాన్ రెసిడెంట్ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) లెక్కలో ఎఫ్-1 విద్యార్థి సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలూ నాన్ రెసిడెంటే. అందుకే నాన్ రెసిడెంట్ల ఫెడరల్ రిటర్న్ 1040-ఎన్‌ఆర్ ఫైల్ చేస్తాం. స్టేట్ లెక్క వేరు. అక్కడ వీసా కాదు, ఎక్కడ నివాసం ఉన్నారు, ఎక్కడ కూర్చుని పని చేశారు అన్నదే ప్రశ్న. ఒకే మనిషి ఫెడరల్‌కు నాన్ రెసిడెంట్, తానుండే స్టేట్‌కు రెసిడెంట్ కావచ్చు. మన అబ్బాయి ఇల్లినాయ్‌కి నాన్ రెసిడెంట్, అక్కడ ఒక్క రోజు కూడా పని చేయలేదు. డబ్బు తిరిగి రావడానికి కారణమే అది. మెసేజ్ దాన్ని తలకిందులు చేసి చెబుతోంది.

"కంపెనీ ఇస్తే ఇచ్చినట్టు." సగం నిజం. తప్పు ఆ ఏడాదిలోనే కనిపిస్తే వెంటనే కంపెనీలో జీతాలు చూసే పేరోల్ వాళ్లకు చెప్పాలి, తర్వాతి పేచెక్‌లో సరిచేయగలరు. ఏడాది ముగిసి డబ్ల్యూ-2 వచ్చాక అయితే సవరించిన డబ్ల్యూ-2సీ అడగొచ్చు. వాళ్లు నాన్చినా పర్వాలేదు. ఆ డబ్బు అప్పటికే స్టేట్ ఖజానాకు చేరి ఉంటుంది కాబట్టి నేరుగా ఆ స్టేట్‌నే అడగాలి. ఇల్లినాయ్ అయితే ఆ స్టేట్ రిటర్న్ ఐఎల్-1040తో పాటు నాన్ రెసిడెంట్ల షెడ్యూల్ ఎన్‌ఆర్ పెట్టి, ఇల్లినాయ్ ఆదాయం సున్నా అని చూపించాలి. దానికి కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం జత చేయాలి: ఇతను ఇల్లినాయ్‌లో పని చేయలేదు, ట్యాక్స్ పొరపాటున కట్ అయింది అని. మన అబ్బాయికి ఈ ఉత్తరం దగ్గరే ఆలస్యమైంది. హెచ్‌ఆర్‌కు మూడు మెయిళ్లు పెట్టినా జవాబు లేదు. చివరికి ఉత్తరం తానే డ్రాఫ్ట్ చేసి పంపి, చదివి సంతకం చేస్తే చాలన్నాడు. ఆ వారంలోనే వచ్చింది. మీరూ అలాగే చేయండి.

ఒక మాట. ఇది ఐఆర్ఎస్‌కు (ఫెడరల్ ట్యాక్స్ శాఖకు) సంబంధించిన పని కాదు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (ఫెడరల్ పెన్షన్, వైద్యం కోసం జీతంలో కట్ చేసే ట్యాక్స్‌లు) పొరపాటున కట్ అయితే ఫారం 843 ఐఆర్ఎస్‌కు పంపుతారు. స్టేట్ ట్యాక్స్‌కు ఆ ఫారం పంపితే ఏమీ రాదు.

"మీరుండే స్టేట్‌లో క్రెడిట్ తీసుకోండి." నన్ను ఎక్కువ బాధపెట్టే సలహా ఇదే, ఎందుకంటే వినడానికి తెలివైన మాటలా ఉంటుంది. క్రెడిట్ అనేది వేరే స్టేట్‌కు న్యాయంగా కట్టాల్సిన ట్యాక్స్‌కు ఇస్తారు. పొరపాటున కట్ అయినదానికి ఇవ్వరు. న్యూజెర్సీలోని చెర్రీ హిల్‌లో ఏడాదంతా అపార్ట్‌మెంట్‌లో ఉంటూ, వంతెన దాటి ఫిలడెల్ఫియాలో పని చేసే అమ్మాయిని తీసుకోండి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల మధ్య ఒప్పందం ఉంది: జీతం మీద నివాసం ఉన్న స్టేటే ట్యాక్స్ వేస్తుంది. పేరోల్ పెన్సిల్వేనియాకు 3.07 శాతం కట్ చేస్తే అది తప్పు. ఆ స్టేట్ రిటర్న్ పీఏ-40 పెట్టి పెన్సిల్వేనియా నుంచే తెచ్చుకోవాలి, న్యూజెర్సీ దానికి క్రెడిట్ ఇవ్వదు. ఇంకా ఉద్యోగంలో ఉంటే రెవ్-419 ఫారం పేరోల్‌కు ఇస్తే కట్ కావడం ఆగుతుంది. ఫిలడెల్ఫియా నగరం వేసే వేజ్ ట్యాక్స్ మాత్రం ఈ ఒప్పందం కిందకు రాదు. దానికి న్యూజెర్సీ క్రెడిట్ ఇస్తుంది. రెండూ కలిపేస్తే రిటర్న్ చెడిపోతుంది.

అలాగని కట్ అయిందల్లా పొరపాటే అనుకోకండి. చికాగో వెళ్లి వేసవంతా ఆఫీసులో పని చేస్తే ఇల్లినాయ్ ట్యాక్స్ న్యాయమే. న్యూయార్క్ కంపెనీకి మీ సౌకర్యం కోసం ఇంటి నుంచి పని చేసినా న్యూయార్క్ ట్యాక్స్ వేయగలదు, అక్కడి నిబంధన అలాంటిది. అడిగే ముందు ఇది చూసుకోండి. ఇంకో రకం కూడా ఉంది: ట్యాక్స్ కట్ చేయడం సరైనదే, కానీ ఆదాయం తక్కువ. న్యూజెర్సీలో ఒంటరి వ్యక్తి ఏడాది ఆదాయం 10,000 డాలర్లు దాటకపోతే ట్యాక్స్ లేదు. క్యాంపస్ ఉద్యోగంలో కట్ అయినదంతా వెనక్కి వస్తుంది, కానీ రిటర్న్ వేసినవాళ్లకే.

"రిఫండ్ అడిగితే హెచ్-1బీకి ఇబ్బంది." కాదు. మీ జీతంలోంచి ఎక్కువగా తీసుకున్నది వెనక్కి అడగడం ప్రభుత్వ సాయం పొందడం కాదు. భయపడాల్సింది తప్పుడు రిటర్న్‌కు. 1040-ఎన్‌ఆర్ వేయాల్సినవాళ్లు మామూలు 1040 వేసి చదువు క్రెడిట్లు తీసుకోవడం లాంటివి. టర్బోట్యాక్స్ అనే రిటర్న్ సాఫ్ట్‌వేర్ 1040-ఎన్‌ఆర్ చేయదని తెలియక చాలామంది అలా ఇరుక్కుంటారు. టెన్షన్ పడితే దాని గురించి పడాలి.

"ఏప్రిల్ 15 దాటితే మర్చిపోండి." చాలా స్టేట్లలో రిఫండ్ అడగడానికి మూడేళ్లుంటుంది, కాలిఫోర్నియాలో నాలుగు. మూడేళ్ల గడువున్న స్టేట్లలో 2023 జీతం మీద కట్ అయినదానికి గడువు 2027 ఏప్రిల్ 15. పైన చెప్పిన అబ్బాయి రెండేళ్ల తర్వాత వేశాడు, మొత్తం 594 డాలర్లూ బ్యాంకులో పడ్డాయి.

రిఫండ్ వచ్చిన మరుసటి జనవరిలో ఆ స్టేట్ నుంచి, మీకు ఎంత రిఫండ్ ఇచ్చిందో చెప్పే 1099-జీ అనే కాగితం రావచ్చు. అది చూసి కంగారు పడకండి. మన దేశంతో అమెరికాకు ఉన్న ట్యాక్స్ ఒప్పందంలోని ఆర్టికల్ 21 ప్రకారం భారత విద్యార్థులకు 1040-ఎన్‌ఆర్‌లో కూడా స్టాండర్డ్ డిడక్షన్ (ట్యాక్స్ లెక్కకు ముందు ఆదాయంలోంచి తీసేసే నిర్ణీత మొత్తం) ఉంటుంది. ట్యాక్స్ కట్ అయిన ఏడాదికి మీరు దాన్నే తీసుకుని ఉంటే, ఆ రిఫండ్‌ను ఫెడరల్ ఆదాయంగా చూపించనక్కర్లేదు.