అవతల ఎవరూ లేని వీడియో కాల్

నిప్పు, చక్రం, అచ్చుయంత్రం. ఆ వరసలో తర్వాతిది ఏమిటా అని మానవజాతి ఇన్నాళ్లూ కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసింది. ఇక ఎదురుచూపులు అక్కర్లేదు. 'స్పేస్: 1999' అనే పాత బ్రిటిష్ టీవీ సీరియల్లో జనం నడుముకు తగిలించుకుని తిరిగే కామ్‌లాక్ అనే పరికరాన్ని, అందులోనూ పనిచేసే కామ్‌లాక్‌ను, ఒక అపర విశ్వకర్మ ఇంట్లో కూర్చుని తయారుచేశాడు. చేసి ఊరుకోక వీడియో తీసి లోకం మీదకు వదిలాడు. చూసినవాళ్లం చూశాం. ఏం చేస్తాం, కళ్లున్నాయి కదా.

ఆ సీరియల్ 1975 నుంచి 1977 దాకా వచ్చింది. 1999 సెప్టెంబర్ 13న చంద్రుడి మీద పోగుపెట్టిన అణువ్యర్థాలు పేలిపోయి, చంద్రుడు భూమిని వదిలేసి అంతరిక్షంలోకి కొట్టుకుపోతాడు, మీదున్న స్థావరంతో సహా. అంతటి ఆపదలో ఉన్నవాళ్ల దగ్గరుండే వస్తువది. తలుపులు తెరుస్తుంది. బుల్లి తెర మీద అవతలి మనిషి మొహం చూపిస్తుంది. మాట కలుపుతుంది. అరచేతిలో ఇమిడే డబ్బాలో టీవీ అంటే ఆ రోజుల్లో పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. అలాంటిదొకటి పెద్దయ్యాక సొంతంగా చేసుకోవాలనిపించడంలో తప్పేమీ లేదు. మనకూ అనిపించింది, దాచుకోవడం ఎందుకు.

మన విశ్వకర్మగారి కామ్‌లాక్ కూడా అచ్చం అలాగే ఉంటుంది. రంగు అదే, గుండీల వరస అదే, తెర ఉండాల్సిన చోటే ఉంది. వెలుగుతుంది కూడా. ఒక్కటే చిన్న తేడా. తెర మీద కనిపించే మొహం ముందే తీసి మెమరీ కార్డులో పెట్టుకున్న వీడియో. అయిపోగానే మళ్లీ మొదటినుంచి తిరుగుతుంది. దాని సర్క్యూట్‌లో అవతలి మనిషి అనే భాగం లేదు.

ఆ ప్రదర్శన ఘట్టాన్ని నేను మాత్రం కళాఖండాల కోవలోనే చేరుస్తాను. విశ్వకర్మగారు స్థావరం యూనిఫాంలో నిలబడి ఉంటారు, ఎడమ చెయ్యి ఒక్కటే వేరే రంగులో ఉండే ఆ యూనిఫాంలో. వెనక గోడకు దుప్పటి కట్టారు. అది అంతరిక్షం. ఆయన నడుము నుంచి పరికరం తీస్తారు, గుండీ నొక్కుతారు, కుయ్‌మని శబ్దం వస్తుంది, తెర వెలుగుతుంది. తెరలో ఆయన బావమరిది. అదే యూనిఫాం, చేతిలో కప్పు. ఎటో గంభీరంగా చూస్తున్నవాడు ఇటు తిరిగి, తల ఊపి, పెదాలు కదిపి, మళ్లీ తల ఊపుతాడు. శబ్దం రాదు. పెదాలు మాత్రం కష్టపడుతుంటాయి.

"కంట్రోల్, నా మాట వినిపిస్తోందా?"

బావమరిది తల ఊపాడు. ఇక్కడిదాకా బాగానే ఉంది.

"మన దగ్గర ఆక్సిజన్ ఎంతసేపటికి సరిపోతుంది?"

బావమరిది మళ్లీ తల ఊపాడు. ఎంతసేపు అని అడిగితే తల ఊపడమేమిటని మీకూ నాకూ సందేహం వస్తుంది. ఆయనకు రాలేదు. "అర్థమైంది" అన్నారు. ఏమర్థమైందో అడగడానికి మనం ఆ స్థావరంలో లేం.

"ఎవరైనా చనిపోయారా?"

సరిగ్గా ఇక్కడ బావమరిది చిరునవ్వు నవ్వి కప్పు నోటిదాకా తెచ్చుకున్నాడు. విశ్వకర్మగారు కళ్లు మూసుకుని మౌనం పాటించారు. ఆ మౌనం కాస్త ఎక్కువైంది. ఆయన కళ్లు తెరిచేలోపు తెరలో బావమరిది ఉలిక్కిపడ్డట్టు ఒక్క గెంతు గెంతి, చేతిలో కప్పు కిందికి దిగిపోయి, ఎటో గంభీరంగా చూడటం మొదలెట్టాడు. మనుషులు పోయిన వార్తకు నవ్వి, వెంటనే ఆ సంగతే మరిచిపోయిన అధికారి! ఆ స్థావరం అంతరిక్షంలోకి కొట్టుకుపోయిందంటే పోదా మరి.

కొసమెరుపు ఇంకా ఉంది. ప్రదర్శన ముగిశాక కెమెరా వెనక నుంచి ఒక గొంతు: "బావా, అయిపోయిందా? చెయ్యి లాగుతోంది." అంటే ఈ చారిత్రక ఘట్టాన్ని చిత్రీకరిస్తున్నది కూడా బావమరిదే. తెరలో ఉన్న మనిషి తెర పట్టుకున్న మనిషికి రెండు గజాల దూరంలో నిలబడి ఉన్నాడు. ఆయనతో మాట్లాడాలంటే పరికరం అక్కర్లేదు, మెడ తిప్పితే చాలు. పెళ్లిలో పెళ్లికొడుకు ఎదురుగానే ఉండగా అతని బొమ్మకు తాళి ఇచ్చినట్టుంది యవ్వారం.

ఆ డబ్బా తయారీలో చూపించిన శ్రద్ధకు మాత్రం చేతులెత్తి మొక్కాలి. త్రీడీ ప్రింటర్ 0.2 మిల్లీమీటర్ల పొరలుగా పోసిన ప్లాస్టిక్ మీద గీతలు కనబడకూడదని ముందు 220 నంబరు ఉప్పుకాగితం, దాని మీద ప్రైమర్, మళ్లీ 400, మళ్లీ ప్రైమర్, ఆఖర్న 800. రంగు ఛాయ దగ్గర సాటి విశ్వకర్మలతో వాదన, అలకలు, తెగతెంపులు. రంగు ఆరాక అంచుల దగ్గర వెండిరంగు బ్రష్‌తో అలా అలా అద్దారు, ఏళ్ల తరబడి వాడితే పైరంగు అరిగి లోపలి లోహం బయటపడ్డట్టు కనబడాలని. లోపల లోహం లేదు, ప్లాస్టిక్కే. వాడిందీ లేదు. ఒక్క కాల్ ఎరగని యంత్రానికి వాడి వాడి అరిగిపోయిన అంచులు!

పోనీ, లోపల అసలుది చెయ్యడానికి సరుకు లేక ఇలా చేశాడా అంటే, అక్కడే ఒళ్లు మండుతుంది. డబ్బా విప్పి గర్వంగా చూపించాడు కదా. లోపల ఉన్నది ఈఎస్‌పీ32-క్యామ్ అనే చిన్న కంప్యూటర్ బోర్డు. అందులో వైఫై ఉంది. రెండు మెగాపిక్సెళ్ల కెమెరా ఉంది. ఆ కెమెరా కంటిని పుట్టీ పెట్టి పూడ్చి, పైన రంగు కొట్టాడు, డబ్బా మీద అది కనబడకూడదని. బతికున్న కన్ను పొడిచి బావమరిది బొమ్మను తిప్పుతున్నాడు. ఇంతా చేస్తే, కార్డులోంచి వీడియో తిప్పడమే ఆ బోర్డు మీద తలనొప్పి పని. దానికి బయటికి వచ్చే పిన్నులు తక్కువ. ఉన్నవాటిలో చాలావరకు మెమరీ కార్డు వాడుకుంటుంది. మిగిలినవాటి కోసం తెర దేబిరిస్తుంది. నిజమైన కాల్‌కు మెమరీ కార్డే అక్కర్లేదు, అది తీసి పారేస్తే తెరకు పిన్నులు దొరుకుతాయి. అంటే అబద్ధం కోసం ఆయన పడ్డ పాట్లు నిజం కోసం పడక్కర్లేదన్నమాట.

నిజం చెయ్యడం నల్లేరు మీద బండి నడక అని నేననను. వైఫై మొదలయ్యే క్షణంలో బోర్డు కరెంటు ఒక్కసారిగా లాగుతుంది, బక్క బ్యాటరీ తట్టుకోలేక వోల్టేజి పడిపోతుంది, బోర్డు రీసెట్ అవుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. కరెంటు సరఫరా దగ్గర, కాస్త కరెంటు దాచిపెట్టుకునే కెపాసిటర్ పెద్దది ఒకటి పెడితే చాలాసార్లు కుదుటపడుతుంది. తెర 1.3 అంగుళాలు, 240 బై 240 చుక్కలు. అంత చిన్న బొమ్మను జేపెగ్ ఫొటోగా కుదించి సెకనుకు పది పన్నెండు పంపగలిగితే మనిషి మొహం మొహంలాగే కదులుతుంది. ఇక మాట సంగతి. అంత చిన్న డబ్బాలో మైకూ స్పీకరూ పక్కపక్కనే ఉంటే అవి ఒకదాని గొంతు ఒకటి విని ఊళపెడతాయి. అందుకని గుండీ నొక్కి మాట్లాడి, వదిలి వినాలి. పాత సీరియళ్లలో వీరులంతా గుండీ నొక్కి ఠీవిగా మాట్లాడింది ఇందుకు కాకపోవచ్చుగానీ, నిజంగా చేసి చూస్తే ఆ గుండీకి పని దొరుకుతుంది. ఇలాంటివి చేతికి తగిలినప్పుడే కదా సరదా! అవతలివాడు పరికరాన్ని నడుము దగ్గర పట్టుకుంటే తెరనిండా వాడి ముక్కు రంధ్రాలే కనిపిస్తాయన్న సత్యం కూడా నిజమైన కాల్ చేసినవాడికే తెలుస్తుంది. బావమరిదిని స్టాండు మీద కెమెరా పెట్టి తీసినవాడికి ఏం తెలుస్తుంది?

ఈ బావమరిది చిట్కా ముందే తెలిసి ఉంటే అమెరికాలో ఏటీ అండ్ టీ అనే ఫోన్ల కంపెనీ వాళ్లు బతికిపోయేవాళ్లు, పాపం. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో వాళ్లు పిక్చర్‌ఫోన్ అని మొహం కనబడే ఫోను జనానికి చూపించారు. అదే ఏడాది డిక్ ట్రేసీ కామిక్‌లో, 1946 నుంచి ముంజేతికి రేడియో కట్టుకుని తిరుగుతున్న డిటెక్టివ్‌కు దాని బదులు టీవీ వచ్చింది. కామిక్‌లో ఖర్చు సిరా మాత్రమే. ఏటీ అండ్ టీ వాళ్లు మాత్రం 1970లో పిట్స్‌బర్గ్‌లో దాన్ని నిజంగానే జనానికిచ్చారు. నెలకు 160 డాలర్లు, అందులో 30 నిమిషాల మాటలు, ఆపైన నిమిషానికి 25 సెంట్లు. తీసుకున్నవాళ్లు పిడికెడు మంది. తీసుకున్నవాడు ఎవరికి చెయ్యాలి? అవతల కూడా అదే ఫోను ఉండాలి కదా. లేదు. వ్యాపారం మునిగింది. అంత డబ్బు తగలేసే బదులు ప్రతి ఫోనులో ఒక బావమరిదిని తల ఊపించి ఉంటే సరిపోయేది. అంతమంది ఇంజనీర్లలో ఒక్కడికీ తట్టలేదు చూడండి.

"అసలు సీరియల్లో కూడా అది ఉత్తుత్తిదేగా" అని అడ్డం వచ్చేవాళ్లుంటారు. ఉత్తుత్తిదే. నటులు, కథ, అట్టల గోడలు, అన్నీ ఉత్తుత్తివే, అది చూసేవాడికీ తెలుసు తీసేవాడికీ తెలుసు. షెల్ఫులో పెట్టుకోవడానికి బొమ్మ చేశానంటే నేనూ మెచ్చుకునేవాణ్ని. నున్నగా తోమాడు, ముచ్చటగా ఉంది. పనిచేస్తుందని చెప్పి జనంచేత చప్పట్లు కొట్టించుకున్నాడే, దానితోనే నా పేచీ.

ఈ తెగలో ఇంకో శాఖ ఉంది. వీళ్లకు ఇప్పటి ఎల్‌సీడీ తెరలు ఆనవు. పాతకాలపు గాజు గొట్టంలోంచి వచ్చే ఆ నలుపు తెలుపు వెలుగే కావాలి. అభిరుచి మంచిదే. ఆ వెలుగు అందమే వేరు, పాత టీవీల పాల్ పద్ధతిలో సెకనుకు 15,625 గీతలు గీస్తూ చిన్నవయసు చెవులకే బాగా వినిపించే ఆ సన్నటి కూత అందమే వేరు. అంత చిన్న పిక్చర్ ట్యూబు దొరికేది టేపు మీద వీడియో తీసే పాత క్యామ్‌కార్డర్లో, కన్ను ఆనించి చూసే ఆ వ్యూఫైండర్‌లో. కాబట్టి ఏం చేస్తారు? క్యామ్‌కార్డర్ సంపాదిస్తారు. స్విచ్ వేసి చూస్తారు. టేపు తిరుగుతుంది, బొమ్మ వస్తుంది, అన్నీ భేషుగ్గా ఉంటాయి. "ట్యూబు బాగుంది" అని సంబరపడి స్క్రూడ్రైవర్ తీసుకుని దాని తల కోస్తారు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. నవ్వకుండా రాయడం కూడా చేతకావడం లేదు, ఇక తిట్టడమే మిగిలింది. నాయనా, అది నడుస్తున్న యంత్రం. క్యామ్‌కార్డర్లలో వాడే వీడియో8 అనే చిన్న టేపులు 1980ల మధ్యలో వచ్చాయి. వాటిని చూడాలంటే చాలా ఇళ్లలో దిక్కు ఆ క్యామ్‌కార్డరే, టేపు తిప్పే డెక్కు వేరేగా కొన్నవాళ్లు తక్కువ. ఎక్కడో ఎవరి బీరువాలోనో పోయిన తాత గొంతు ఉన్న టేపు ఒకటుంటుంది, తిప్పేందుకు యంత్రం దొరక్క పడి ఉంటుంది. ఆ టేపు మీది పూత ఏటికేడు పాడవుతూ ఉంటుంది. నువ్వు తల కోసిన యంత్రం దానికి సరిపోయేది. మళ్లీ చెయ్యడానికి ఆ క్యామ్‌కార్డర్ల కోసం ట్యూబులు పోసే ఫ్యాక్టరీ లేదు, ఆ టేపును చదివే డ్రమ్ములు చెక్కే ఫ్యాక్టరీ లేదు. పళ్లచక్రాలు విరిగి, టేపు మింగేసి, ఎందుకూ పనికిరాకుండా పోయిన క్యామ్‌కార్డర్లు కుప్పలుగా ఉన్నాయి. వాటిలోనూ వ్యూఫైండర్ చాలావరకు బాగానే ఉంటుంది. అది తీసుకోరాదూ? తీసుకోవు. వెతకాలి కదా, బద్ధకం. బతికున్నదాన్ని కోస్తే తొందరగా అయిపోతుంది. కోసి, ఆ ట్యూబును డబ్బాలో బిగించి, చివరికి అందులో ఏం తిప్పుతున్నావు? ఎవడి మొహమో ఉన్న లూపు వీడియో! మనుషుల నిజమైన మొహాలు చూపించగల యంత్రాన్ని చంపి, ఎవరూ లేని మొహం చూపించే డబ్బా చేశావు. సిగ్గుండాలి.

సరే. గొంతు సవరించుకుని మళ్లీ మర్యాదగా మాట్లాడతాను.

విశ్వకర్మగారికి నా విన్నపం చాలా చిన్నది. రెండోది చెయ్యండి. పుట్టీ గీకి కన్ను తెరవండి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, ఇంకోటి బావమరిదికిచ్చి పక్కగదిలోకి పంపండి. రంగు ఛాయ కాస్త అటూఇటూ అయినా, గీతలు కనబడినా, వెండి అరుగుదల లేకపోయినా, బొమ్మ ఆగి ఆగి వచ్చినా ఫరవాలేదు. మీరు "ఆక్సిజన్ ఎంతుంది" అన్నప్పుడు ఆయన "ఏ ఆక్సిజన్, బావా?" అంటే చాలు, ఆ వీడియోకు ముందుగా చప్పట్లు కొట్టేది నేనే.

నా విన్నపం ఆయనదాకా వెళ్లేలోపే వెర్షన్ టూ ప్రకటన వచ్చేసింది. ఈసారి కాల్ వస్తే డబ్బా అదురుతుందట. ఎత్తకపోతే మిస్డ్ కాల్ ఎర్రలైటు కూడా వెలుగుతుందట. అన్నీ సిద్ధంగానే ఉన్నాయిగానీ విడుదలకు కాస్త సమయం పడుతుందని రాశారు. బావమరిది ఊళ్లో లేడట.