క్వార్టర్ నంబరు చెప్పగలం, ఇల్లు చూపించలేం

"మీ సొంతూరు ఏది?" అని అడిగితే మిలటరీ పిల్లలు కాస్త తడబడతారు. నేనూ అంతే. పశ్చిమ గోదావరిలో 'మిలటరీ మాధవరం' అని పేరుపడ్డ ఊరుంది, తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. అలాంటి ఊళ్లలో తండ్రులకు పుట్టిల్లు ఉంటుంది. పిల్లలకు మాత్రం అది వేసవి సెలవుల ఊరే. వాళ్లు పెరిగింది అంబాలాలోనో, జబల్‌పూర్‌లోనో, సికింద్రాబాద్ తిరుమలగిరిలోనో.

పెరిగిన క్వార్టర్ల మీద మాకుండే బెంగను "చిన్నప్పటి ఇల్లంటే ఎవరికైనా ఇష్టమేలే" అని తేల్చేస్తుంటారు. నేను ఒప్పుకోను. పల్లెలో ఇల్లు కూలినా పక్కింటి పెద్దమ్మ ఉంటుంది. "మీ గాబు ఇక్కడే ఉండేది" అని చెయ్యి పెట్టి చూపిస్తుంది. కంటోన్మెంట్‌లో, అంటే సైన్యం ఉండే ప్రాంతంలో, రెండు మూడేళ్లకోసారి పోస్టింగులు వచ్చి వీధి మొత్తం మారిపోతుంది. మనం అక్కడ ఉన్నామని చెప్పేవాళ్లే మిగలరు. నా దృష్టిలో అసలు నష్టం ఇదే.

క్వార్టర్ ఖాళీ చేసే రోజును 'మార్చింగ్ అవుట్' అంటారు. క్వార్టర్ల బాగోగులు చూసే ఎంఈఎస్ (మిలటరీ ఇంజనీర్ సర్వీసెస్) నుంచి ఒకాయన లిస్టు పట్టుకుని వచ్చి స్విచ్‌లు, కుళాయిలు, కిటికీ అద్దాలు, సర్కారు మంచాలు లెక్క చూసుకుంటాడు. ముందురోజే అమ్మ గోడలకున్న మేకులు పీకి, బొక్కల్లో తెల్ల సిమెంట్ కూరేది. ఒక క్వార్టర్లో తలుపు వెనకాల నా ఎత్తు, తమ్ముడి ఎత్తు పెన్సిల్‌తో గీసుకున్నాం. "డ్యామేజీ కింద రాస్తారే" అంటూ అమ్మ తడిగుడ్డతో ఆ గీతలు తుడిచేసింది. తుడుస్తూ మా వైపు చూడలేదు.

అలా ఒకసారి పోయిన ఇల్లు తర్వాత ఇంకోసారి పోయింది. 2002లో మొదలైన మ్యారీడ్ అకామడేషన్ ప్రాజెక్టు (సైనికుల కుటుంబాలకు ఇళ్లు కట్టే పథకం) కింద అనేక సైనిక స్టేషన్లలో కొత్త అంతస్తుల బ్లాకులు వచ్చాయి, చాలాచోట్ల పాత క్వార్టర్లు నేలమట్టమయ్యాయి. దాన్ని తప్పుపట్టను. ఇల్లు దొరక్క భార్యాపిల్లల్ని ఊళ్లో వదిలి వెళ్లిన జవాన్ల కష్టం మా ఇంట్లోనూ తెలుసు. భద్రత కోసం గేటు దగ్గర ఆపడమూ సబబే. కానీ నాన్న రిటైరై, మన డిపెండెంట్ కార్డు చెల్లకుండా పోయాక, ఒకప్పుడు సైకిల్ మీద దూసుకెళ్లిన గేటు ముందే బయటివాళ్లలా నిలబడాల్సి రావడం గుండెల్లో గుచ్చుకుంటుంది. 2023లో హిమాచల్‌లోని యోల్‌ను కంటోన్మెంట్ హోదా నుంచి తప్పించారు. మిగతాచోట్ల కూడా పౌర ప్రాంతాలను మున్సిపాలిటీల్లో కలిపే ప్రయత్నం నడుస్తోంది. ఇక పాత పేర్లూ, పాత హద్దులూ చెరిగిపోతాయి.

కూల్చేముందు ప్రతి బ్లాకునూ లోపలా బయటా ఫొటోలు తీసి, క్వార్టర్ నంబర్లతో స్టేషన్‌లోనే భద్రపరిస్తే ఎంత ఖర్చవుతుంది? రెజిమెంట్లు తమ ట్రోఫీలను, యుద్ధాల చరిత్రను కళ్లకద్దుకుని దాచుకుంటాయి. ఆ సైనికుల వెంట ఊరూరా తిరిగిన కుటుంబాలకు ఒక ఆల్బమ్ అయినా దక్కాలి. ఏడాదికి ఒక్కరోజు, రెజిమెంట్ పుట్టినరోజైన రైజింగ్ డే నాడు, గుర్తింపు కార్డులు చూసి పాత పిల్లల్ని ఆ వీధుల్లోకి రానివ్వాలి.

నాన్న నల్ల ట్రంకుపెట్టె మా అటక మీదే ఉంది. తెల్ల పెయింటుతో ఆయన నంబరు, ర్యాంకు, పేరు. ఎక్కిన స్టేషను, దిగాల్సిన స్టేషను కొట్టేసి రాసి, మళ్లీ కొట్టేసి రాసి ఉంటాయి. మొన్న మావాడు ఒక పేరు కూడబలుక్కుని చదివి, "తాతయ్య ఇల్లు ఇక్కడేనా? వెళ్దామా అమ్మా?" అన్నాడు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి అప్పటి మా క్వార్టర్ దగ్గరి వేప చెట్టు కోసం వెతికాను. వరసగా కొత్త బ్లాకుల కప్పులే కనిపించాయి.