పీసీఆర్ గారికి నిద్రాభంగం కలిగించరాదు

బరంపురంలో పెళ్లిపట్టుని ఇంట్లో ఎలా దాచుకుంటారో, మా డిగ్రీ కాలేజీలో పీసీఆర్ మెషీన్‌ని అలా దాచుకున్నాం. మీద తెల్లటి గుడ్డ, ప్రారంభోత్సవం నాటి కుంకుమబొట్టు. తనిఖీ బృందం వచ్చిన రోజున గుడ్డ తీస్తాం, వాళ్ల కారు గేటు దాటగానే కప్పేస్తాం. దీన్ని పిల్లకాయలు తప్పుబడుతున్నారు. గెస్ట్ ఫ్యాకల్టీనే అయినా అక్కడి ఉప్పు తింటున్నవాణ్ణి, కాలేజీ పక్షాన నాలుగు మాటలు చెప్పకపోతే బాగుండదు.

ఇంతకీ ఆ మెషీన్ చేసేదేమిటి? ట్యూబుని 95 డిగ్రీలకి వేడిచేసి, 55కో 60కో చల్లార్చి, మళ్లీ 72కి తెస్తుంది. ఇలా 30 సార్లు. ఒక్క డీఎన్ఏ ముక్క లెక్కప్రకారం వంద కోట్ల కాపీలు దాటుతుంది. ఈ ఊహ కారీ మల్లిస్‌కి 1983లో తడితే, నోబెల్ చేతికొచ్చేసరికి 1993. అంత గొప్ప పనికే పదేళ్లు పట్టింది కదా, ప్లగ్గు పెట్టడానికి మాకు ఆరేళ్లు పడితే ఏం కొంప మునిగింది?

ఆ కాపీలు తీసిపెట్టే ఎంజైమ్ సంగతి కూడా వినండి. అమెరికాలో వేడినీటి బుగ్గల్లో బతికే బాక్టీరియా నుంచి వచ్చిన సరుకది, 95 డిగ్రీల్లోనూ చలించదు. దాన్ని మైనస్ 20లో దాచాలి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక మా వైపు కరెంటు ఎన్నాళ్లకొచ్చిందో మా గంజాం జిల్లావాళ్లనడగండి. ఫ్రీజర్‌లో ఉన్నదంతా నీళ్లైంది. అప్పటినుంచి కాలేజీ ఎంజైమ్ కొనడం మానేసింది. కొనని ఎంజైమ్‌ని ఏ తుఫానూ ఏమీ చెయ్యలేదు.

ఇక మా ల్యాబ్ రికార్డులు. ప్రపంచంలో పేరున్న ల్యాబుల్లో ఒకరికొచ్చిన ఫలితం ఇంకొకరికి రావట్లేదని గగ్గోలు. మాకా బెంగ లేదు. సీనియర్ రికార్డులో బ్యాండు (డీఎన్ఏ ఆగినచోట కనిపించే గీత) ఎక్కడుందో జూనియర్ రికార్డులోనూ అక్కడే, మిల్లీమీటరు తేడా రాదు. స్కేలు పెట్టి గీస్తాం మరి. అనువాదంలోనూ మా పిల్లలు గట్టివాళ్లే. 1936లో మా ప్రాంతాన్ని మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి తీసి ఒడిశాలో కలిపినప్పటినుంచీ ఇంట్లో తెలుగు, బస్సులో ఒడియా, రికార్డులో ఇంగ్లీషు. ఆర్ఎన్ఏ నుంచి ప్రోటీన్ తియ్యడాన్నీ ట్రాన్స్‌లేషనే అంటారు, అది వీళ్లకో లెక్కా!

ఇలా చల్లగా సాగుతుంటే నాలుగేళ్ల డిగ్రీ వచ్చిపడింది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లు నాలుగో ఏట రీసెర్చ్ చెయ్యొచ్చట. చెయ్యొచ్చు అన్నారు గానీ, నిజంగా చేస్తామని వస్తారని ఎవరనుకున్నారు?

ఒకమ్మాయి వచ్చింది. తాతగారిది పట్టు మగ్గం. అరటిపండు పిసికి, అంట్లు తోమే సబ్బునీళ్లు, ఉప్పు కలిపి, వడగట్టి, చల్లటి స్పిరిట్ పోసి, తేలిన తెల్లటి డీఎన్ఏ పోగుల్ని చిన్న సీసాలో పట్టుకొచ్చింది. "సార్, ఒక్కసారి జెల్ వేద్దామండీ." జెల్ అంటే గుంటల్లో డీఎన్ఏ పోసి, కరెంటుతో ముందుకి నడిపించే మెత్తటి పలక. కాదనడానికి కారణాలు వెతికాను, ఆ రోజు కరెంటు కూడా పోలేదు.

మొదటి గుంటలో నేనే పోశాను. చెయ్యి వణికి పిపెట్ మొన జెల్ అడుగుదాకా దిగిపోయింది, డీఎన్ఏతో కలిపిన నీలం రంగు కిందనుంచి కారిపోయింది. ఆమె ఊపిరి బిగబట్టి, మోచెయ్యి బల్లకానించి, మొనని గుంట అంచుకి తాకీ తాకకుండా పెట్టి, మెల్లగా వదిలింది. నీలం చుక్క గుంట అడుగున బుద్ధిగా కూర్చుంది. తెగిన పట్టుపోగు అతికిన చెయ్యి కదా.

వైర్లు మాత్రం హోదా కొద్దీ నేనే తగిలించాను. పది నిమిషాలకి చూస్తే నీలం గీత ముందుకి రావాల్సింది, పుట్టింటికి బయల్దేరినట్టు వెనక్కి నడుస్తోంది.

"సార్, డీఎన్ఏ నెగెటివ్ కదండీ. పాజిటివ్ ఎర్ర వైరు అటు ఉండాలేమో?"

"పరీక్షించడానికే అలా పెట్టాను," అన్నాను. తొమ్మిదేళ్లుగా ఆ మాట బోర్డు మీద రాస్తున్నది నేనే. వైర్లు మార్చేలోపు సరుకంతా బఫర్‌లో, అంటే జెల్ మునిగుండే ద్రవంలో, కలిసిపోయింది.

"ఎప్పుడూ వేసేచోటే బ్యాండు గీసెయ్యమ్మా," అని సలహా ఇచ్చాను.

మర్నాడు రికార్డు పెట్టింది. ఫలితం: డీఎన్ఏ బఫర్‌లోకి పోయింది. కారణం: సార్.

బొమ్మ గియ్యలేదని రెండు మార్కులు తగ్గించాను.