రైతే డిజైనర్, ఉగ్గాని ఫ్రీ

మొన్న అనంతపురంలో రైతుల్ని డిజైనర్లుగా మార్చే మహత్కార్యం జరిగింది. కళ్లారా చూశాను కాబట్టి సాక్ష్యం చెప్పే బాధ్యత నాపై పడింది. ఒక కంపెనీ వేరుశనగ రైతుల కోసం యాప్ తయారుచేసింది. తయారైపోయాక, దాన్ని రైతులతో కలిసి తయారుచేయాలనే సద్బుద్ధి పుట్టింది. శుభలేఖలు అచ్చయ్యాక పెళ్లిచూపులకు పిలిచినట్టు.

ఏసీ హాల్లో పదిహేనుమంది రైతులు. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ (బజ్జీలో లోపం లేదు, దాన్ని వంటవాడు ఒక్కడే డిజైన్ చేశాడు). తర్వాత తలా ఒక స్కెచ్ పెన్ను, పసుపు చీటీల కట్ట. "మనసులో మాట రాసి గోడకు అంటించండి" అన్నారు మేడం.

కళ్యాణదుర్గం వైపు పెద్దాయన చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "రాసేదెందుకు మేడం, చెప్తా వినండి. కలుపు తీసేటప్పుడు చేతులకంతా మన్ను. ఎండలో ఫోన్‌లో ఏమీ కనపడదు. బోరుకు కరెంటు ఎప్పుడొస్తాదో ఫోను మోగి చెప్తే సాలు." వాలంటీరు కుర్రాడు శ్రద్ధగా విని చీటీ మీద రాశాడు: 'కనెక్టివిటీ'. ఏసీ గాలికి అది ఊడి పడితే తీసి 'భవిష్యత్తు' అనే గడిలో అంటించాడు.

1981లో స్వీడన్, డెన్మార్క్‌లలో పత్రికల అచ్చు కార్మికుల యూనియన్లతో కలిసి, వాళ్లు వాడబోయే కంప్యూటర్ పరికరాలను డిజైన్ చేసే యుటోపియా అనే ప్రాజెక్టు మొదలైంది. అక్కడ ఖాళీ అట్టపెట్టె మీద 'లేజర్ ప్రింటర్' అని రాసి, దానితో పని చేసినట్టు నటిస్తూ, ఏది ఎలా ఉండాలో కార్మికులే తేల్చేవారు. అమాయకులు. అట్టపెట్టె పెడితే ఎవడైనా చింపేసి మార్చమంటాడు. పూర్తయిన యాప్‌తో ఆ టెన్షన్ లేదు.

అలాగని రైతుల మాట చెల్లలేదనుకోకండి. లోగోలో కాయకు మూడు గింజలున్నాయి. కె-6 రకం వేరుశనగ విత్తేవాళ్లంతా రెండే ఉండాలని పట్టుబట్టారు. అరగంట చర్చ తర్వాత ఒక గింజ తీసేశారు. సహసృష్టి అంటే అదే.

ప్రజల భాగస్వామ్యానికి ఎనిమిది మెట్ల నిచ్చెన ఉంటుందని 1969లోనే అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టీన్ రాసింది. అట్టడుగు మెట్టు పేరు మాయచేయడం, పైమెట్టున పెత్తనం ప్రజలదే. మా హాల్లోనూ ఒక నిచ్చెన ఉంది. గ్రూప్ ఫోటో కోసం ఫోటోగ్రాఫర్ దాని పైమెట్టు దాకా ఎక్కాడు.

సర్టిఫికెట్లు పంచుతుండగా పెద్దాయన జేబులో బటన్ ఫోన్ మోగింది. "కరెంటొచ్చిందా? మోటర్ వేసి కింది మడికి నీళ్లు కట్రా అబ్బీ" అన్నాడు.

"దయచేసి ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి" అన్నారు మేడం.